విషయసూచికలోనే దొంగ!

అబిడ్స్‌లో 150 రూపాయలకి ఓ పాత పుస్తకం కొన్నాను. షెర్లాక్ హోమ్స్ కథల సంపుటం. ఇంగ్లిష్‌లోదే. ఇరవైకి పైనే కథలున్నాయి. రూమ్‌కొచ్చి టీ పెట్టుకుని, ఫోన్ సైలెంట్‌లో పడేసి, కాళ్లు చాపుకుని కూర్చుని విషయసూచిక తెరిచా. గుండె గుభేల్‌మంది. ప్రతి కథ పేరు పక్కనా నీలం బాల్‌పెన్‌తో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఎవరో జవాబు రాసిపెట్టారు! ఓ చోట 'పాము'. ఓ చోట 'పనివాడు'. ఇంకో చోట 'సవతి తండ్రి'.

కొత్త సినిమా రిలీజైన పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో క్లైమాక్స్ పెట్టేసే మహానుభావులు మీకూ తెలిసే ఉంటారు. ఈ పుస్తకం పాత ఓనర్ వాళ్లందరికీ గురువన్నమాట.

తిట్టుకున్నా. మనసారా తిట్టుకున్నా. కానీ నెల తిరిగేసరికి ఆ పిచ్చి రాతలే ఆఫీసులో నేను చేసిన ఓ తప్పుని నాకు పట్టించాయి. ఆ కథే ఇది.

ఆదివారం, అబిడ్స్, బేరం

హైదరాబాద్‌లో ఉండి ఆదివారం అబిడ్స్ వెళ్లకపోతే ఒకసారి వెళ్లి చూడండి. షాపులు షట్టర్లు దించేసి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుచుకుంటాయి. గేట్ గైడ్ల పక్కన వంటల పుస్తకం, దాని మీద సిడ్నీ షెల్డన్, దాని కింద ఎవరిదో ఇంటర్ ఫిజిక్స్. వరుసంటూ ఏమీ ఉండదు. వంగి వెతకాల్సిందే. నేను నాంపల్లి మెట్రో దగ్గర దిగి నడుచుకుంటూ పోతా. బ్యాగులో వాటర్ బాటిల్, చేతిలో చిల్లర. అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

ఆ రోజు ఆ పుస్తకం అట్ట మీద పైపు, టోపీ ఉన్న బొమ్మ కనిపించింది. వెనక అట్ట మూల చిరిగింది. లోపల మొదటి పేజీలో పేరు రాసి, మళ్లీ కనిపించకుండా కొట్టేశారు. అమ్మే ఆయన 250 చెప్పాడు. "అన్నా, అట్ట చిరిగింది చూడు" అన్నా. "చదివేది అట్టనా మేడమ్, లోపలిదా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఆఖరికి 150 దగ్గర ఇద్దరం రాజీపడ్డాం. విషయసూచిక చూసుంటే 50కే అడిగేదాన్ని.

నిజానికి ఆ ఆదివారం నేను అక్కడికి పోయింది పుస్తకాల కోసం కాదు, ఆఫీసు మర్చిపోవడానికి.

తెల్లవారుజామున 5:30

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఆరేళ్ల అనుభవం. మాది నెలవారీ చందాల యాప్. ఆ ముందు శుక్రవారం సాయంత్రం మా టీమ్ ఓ మార్పు రిలీజ్ చేసింది. శనివారం తెల్లారేసరికి కొంతమంది కస్టమర్లకి ఒకే బిల్లు రెండుసార్లు కట్ అయింది.

ఆ రోజు ఆన్‌కాల్‌లో ఉన్నది మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి. ఇంకా ప్రొబేషన్ కూడా పూర్తవలేదు. పొద్దున్న 5:30కి మొదటి అలారం మోగింది. తను లేచి కూర్చుని నాలుగు గంటలు పోరాడాడు. పేమెంట్ గేట్‌వే వాళ్లకి ఫోన్లు, డేటాబేస్ చెకింగ్, సర్వర్ రీస్టార్ట్. ఏదీ పనిచేయలేదు. తొమ్మిదిన్నరకి ఇంకో టీమ్ నుంచి ఒకాయన చూసి అసలు విషయం పట్టుకున్నాడు. టైమ్‌జోన్!

తెలియనివాళ్లకి చిన్న వివరణ. చాలా సర్వర్లు అంతర్జాతీయ సమయాన్ని, అంటే యూటీసీని పాటిస్తాయి. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటాం. అక్కడ అర్ధరాత్రి 12 అయితే ఇక్కడ పొద్దున్న 5:30. మనకి శుక్రవారం అర్ధరాత్రి దాటగానే శనివారం బిల్లులు వెళ్లిపోయాయి. కానీ సర్వర్ లెక్కలో అప్పటికింకా శుక్రవారమే. 5:30కి సర్వర్‌లో తేదీ మారింది. కొత్త కోడ్ చూసుకుని "అరె, శనివారం బిల్లులు ఇంకా పోలేదే" అనుకుని మళ్లీ పంపించింది.

సోమవారం పోస్ట్‌మార్టమ్ మీటింగ్. మా భాషలో పోస్ట్‌మార్టమ్ అంటే ఏదైనా కూలిపోయాక ఎందుకు కూలిందో కూర్చుని మాట్లాడుకోవడం. నేను ఆ అబ్బాయిని అందరి ముందూ అడిగా: "సరిగ్గా 5:30కి మొదలైతే టైమ్‌జోన్ అని తట్టలేదా? అంత క్లియర్‌గా కనిపిస్తోంది కదా!"

తను ఏమీ అనలేదు. ల్యాప్‌టాప్ వైపే చూస్తూ తలూపాడు. రిపోర్ట్ రాసే పని నాదే. 'స్పష్టంగా కనిపిస్తున్న సూచనని ఆన్‌కాల్ ఇంజినీర్ గుర్తించలేదు' అని డ్రాఫ్ట్‌లో రాశా. ఆ వాక్యం మేనేజర్ దాకా పోతే ప్రొబేషన్‌లో ఉన్న కుర్రాడికి ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే రాశా. తర్వాత ఆ వారమంతా తను నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. అందుకే ఆ ఆదివారం అబిడ్స్.

జవాబు తెలిసిన కథ

150 పెట్టి కొన్నాం కదా, చదవక చస్తామా! 'పాము' అని రాసి ఉన్న కథతోనే మొదలుపెట్టా. దాని పేరు 'ది స్పెకిల్డ్ బ్యాండ్'. 1892 ఫిబ్రవరిలో లండన్‌లోని స్ట్రాండ్ మ్యాగజైన్‌లో వచ్చింది. రాసిన ఆర్థర్ కానన్ డాయిల్ 1927లో తన కథల్లో తనకి బాగా నచ్చిన పన్నెండు ఎంచితే మొదటి స్థానం దీనికే ఇచ్చాడు. 130 ఏళ్లు దాటిన కథ కాబట్టి ఈ ఒక్కదాని గుట్టు విప్పుతా. మిగతావాటి జోలికి పోను. ఒట్టు. పాత ఓనర్ చేసిన పాపం నేను చేయను.

హెలెన్ అనే అమ్మాయి తెల్లవారుజామునే హోమ్స్ దగ్గరికి వణుకుతూ వస్తుంది. రెండేళ్ల కింద ఆమె కవల సోదరి, పెళ్లికి కొద్దిరోజుల ముందు, రాత్రి తలుపులు మూసుకున్న గదిలోంచి బయటికొచ్చి కుప్పకూలి చనిపోయింది. చనిపోతూ 'మచ్చల పట్టీ' అని ఏదో అంది. ఇప్పుడు హెలెన్‌కీ పెళ్లి కుదిరింది. ఇంట్లో సవతి తండ్రి డాక్టర్ రాయ్‌లట్. ఒకప్పుడు కలకత్తాలో ప్రాక్టీస్ చేసొచ్చిన మనిషి. రిపేరు పేరు చెప్పి ఆమెని ఆ సోదరి గదిలోకే మార్పించాడు. రాత్రిపూట ఓ ఈల వినిపిస్తోంది.

పాము అని ముందే తెలిసి చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఎన్ని క్లూలో! మంచాన్ని నేలకి బిగించేశారు, జరపడానికి వీల్లేకుండా. దిండు దగ్గరికి గంట తాడు వేలాడుతోంది, కానీ దానికి గంటే లేదు. ఆ తాడు పైన గోడకి గాలి కంత. అది బయటికి కాదు, పక్కనున్న డాక్టర్ గదిలోకి తెరుచుకుంటుంది. ఆయన గదిలో చిన్న పళ్లెంలో పాలు. ఇంట్లో పిల్లి లేదు! పాలు, కంత, తాడు, కదలని మంచం. ఇంతకంటే ఏం చెప్పాలి? "ఇది కూడా పట్టుకోలేరా?" అనుకున్నా.

అనుకున్న వెంటనే ఎక్కడో విన్న మాటలా అనిపించింది. ఎక్కడో కాదు. మీటింగ్‌లో, నా నోటినుంచే.

పుస్తకం వెనక్కి తిప్పా. ఈసారి 'పాము' అన్న మాట మర్చిపోయినట్టు నటిస్తూ మళ్లీ చదివా. అప్పుడు కనిపించాయి, మొదటిసారి నేను ఎగరేసి పోయినవన్నీ. ఎస్టేట్‌లో జిప్సీలు గుడారాలేసుకుని ఉన్నారు. వాళ్లు తలకి మచ్చల రుమాళ్లు కట్టుకుంటారు. 'బ్యాండ్' అంటే ఇంగ్లిష్‌లో పట్టీ మాత్రమే కాదు, గుంపు కూడా. అంటే ఆ చివరి మాట జిప్సీల గురించే అయ్యుండొచ్చు కదా? ఇంకా ఆ తోటలో ఓ చీతా, ఓ బబూన్ కోతి వదిలేసి ఉంటాయి, ఇండియా నుంచి తెప్పించారట. (మన దేశంలో బబూన్లు ఉండవు. డాయిల్ గారు ఎక్కడ చూశారో మరి.) కిటికీ రెక్కలు, పొగగొట్టం, మనిషి దూరగలడా లేదా అనే చర్చ. ఇన్నింటి మధ్యలో ఆ నాలుగు క్లూలూ దాక్కుని ఉన్నాయి.

ఇంకో విషయం. కథ చివర్లో హోమ్సే ఒప్పుకుంటాడు. మొదట తనూ జిప్సీల వైపే పోయాననీ, సరిపడా సమాచారం లేకుండా పూర్తిగా తప్పు నిర్ణయానికి వచ్చాననీ. గది చూశాకే దారి మార్చుకున్నాడు.

(మధ్యలో ఓ మాట. ఈల వేస్తే వెనక్కొచ్చి పాలు తాగే పాము సంగతి డాయిల్ గారికే వదిలేద్దాం. పాములకి బయటి చెవులుండవు, పాలు వాటి ఆహారం కాదు. కానీ నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మనం ఆయన్ని చూసి నవ్వితే బాగుండదు.)

ముందే తెలుసు అనే జబ్బు

దీనికి సైకాలజీలో ఓ పేరుంది, హైండ్‌సైట్ బయాస్. ఫలితం తెలిసిపోయాక "నేను ముందే అనుకున్నా" అనిపించడం. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, రష్యా పర్యటనలకి వెళ్లేముందు, అక్కడ ఏం జరగొచ్చో అంచనా వేయమని బరూక్ ఫిషాఫ్, రూత్ బైత్ అనే పరిశోధకులు కొందరిని అడిగారు. పర్యటనలు అయ్యాక, అప్పట్లో మీరేం అంచనా వేశారో గుర్తుచేసుకోమన్నారు. జరిగిపోయిన వాటి విషయంలో చాలామంది, తాము నిజంగా చెప్పినదానికంటే గట్టిగా చెప్పినట్టు గుర్తుచేసుకున్నారు. ఆ పరిశోధన 1975లో అచ్చయింది. వాళ్లెవరూ కావాలని అబద్ధం చెప్పలేదు. జవాబు తెలిశాక, తెలియని రోజుల్లో మన తల ఎలా ఉండేదో మనకే గుర్తురాదు. అంతే.

డాయిల్ దీన్ని అంతకు 80 ఏళ్ల ముందే కథల్లో పెట్టాడు. 'ది రెడ్ హెడెడ్ లీగ్'లో ఓ వడ్డీ వ్యాపారి వస్తాడు. ఆయన్ని చూడగానే హోమ్స్ వివరాలన్నీ గడగడా చెప్పేస్తాడు. ఆయన నోరెళ్లబెడతాడు. ఎలా కనిపెట్టాడో విడమరిచి చెప్పగానే నవ్వేసి, ఇందులో పెద్ద విశేషమేముంది అన్నట్టు మాట్లాడతాడు. విడమరచడమే తప్పయిపోయిందని హోమ్స్ మొహం మాడ్చుకుంటాడు.

ఆ వడ్డీ వ్యాపారిని నేనే. 5:30 అంటే టైమ్‌జోన్ అని ఇంకెవరో కనిపెట్టి చెప్పాక, ఇందులో ఏముంది అన్నదాన్ని.

చిన్న ప్రయోగం

సోమవారం ఆఫీసుకి పోయి ఆ శనివారం అలారాలన్నీ వరసగా బయటికి తీశా. మొదటి గంటలోనే 37 వచ్చాయి. పేమెంట్లు ఆలస్యం, డేటాబేస్ మీద భారం, ఓ సర్వర్‌లో డిస్క్ నిండిపోవడం, లాగిన్ ఫెయిల్యూర్లు. పైగా ముందు వారమే పేమెంట్ గేట్‌వే వాళ్లు మెయింటెనెన్స్ చేశారు. నిద్రలేచి చూసిన ఎవరికైనా అనుమానం ముందు ఎటు పోతుంది? అటే పోతుంది. అవే మా జిప్సీలు.

జవాబు చెప్పకుండా ఆ 37 అలారాలని వేరే టీముల్లోని ఇద్దరు సీనియర్లకి చూపించా. ఇద్దరికీ ఈ గొడవ గురించి తెలియదు. "అరగంటలో కారణం చెప్పండి" అన్నా. ఒకాయన పేమెంట్ గేట్‌వే అన్నాడు. ఇంకొకావిడ డేటాబేస్ అంది. ఇద్దరూ టైమ్‌జోన్ మాటే ఎత్తలేదు. ఇద్దరికీ నాకంటే అనుభవం ఎక్కువ.

తర్వాత ఇంకోటి వెతికా. నిజం చెప్పాలంటే అది మొదటే వెతకాల్సింది. ఆ కోడ్ మార్పుని రివ్యూ చేసి 'బాగుంది' అని ఆమోదించింది ఎవరు?

నేనే.

తేదీ పోల్చే ఆ లైను నా కళ్ల ముందు నుంచే పోయింది. జవాబు తెలియనప్పుడు నాకూ కనిపించలేదు. తనకి అర్ధనిద్రలో, అలారాల మోతలో కనిపించలేదని మీటింగ్‌లో నిలదీశాను. నాకు పట్టపగలు, ఏసీలో కూర్చుని, కాఫీ తాగుతూ కనిపించలేదు.

రిపోర్ట్ మళ్లీ రాశా. ఈసారి జవాబు నుంచి వెనక్కి కాకుండా 5:30 నుంచి ముందుకి. ఏ నిమిషానికి స్క్రీన్ మీద ఏం కనిపించింది, దాన్ని బట్టి తను ఏం చేశాడు, ఆ సమయంలో అది సబబేనా. 'స్పష్టంగా కనిపిస్తున్న' అన్న మాట తీసేశా. రివ్యూలో నేను వదిలేసిన లైను గురించి నా పేరుతోనే రాశా. మా రంగంలో మనిషిని తప్పుపట్టకుండా పద్ధతిలో లోపం వెతికే రిపోర్టుల్ని బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్ అంటారు. ఆ మాట ట్రైనింగుల్లో పదిసార్లు విన్నా. అర్థమైంది మాత్రం ఇప్పుడే. మేనేజర్ నన్ను పిలిచి రివ్యూల్లో జాగ్రత్త గురించి పావుగంట క్లాసు పీకారు. పీకాల్సిందే.

ఆ అబ్బాయిని క్యాంటీన్‌కి తీసుకెళ్లి సారీ చెప్పా. "మీటింగ్‌లో అందరి ముందు అన్నాను కదా, రేపు మీటింగ్‌లో అందరి ముందే వెనక్కి తీసుకుంటా" అన్నా. తను కాసేపు సమోసా తుంచుతూ కూర్చుని చెప్పాడు: "అక్కా, నిజం చెప్పనా? సరిగ్గా 5:30 ఏంటి అని నాకూ ఒక్క క్షణం అనిపించింది. అంత సింపుల్ అయ్యుండదులే అని వదిలేశా. మీరు మీటింగ్‌లో అడిగాక, అనిపించింది అని చెప్పడానికి కూడా భయమేసింది."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నేను అలా నిలదీయకపోయి ఉంటే ఆ ముక్క రిపోర్టులోకి వచ్చేది. తర్వాతి ఆన్‌కాల్ వాళ్లకి అదే అన్నిటికంటే పనికొచ్చే ముక్క.

హోమ్స్ ఓడిపోయిన కథ

ఆ వారమే 'ది యెల్లో ఫేస్' చదివా. 1893 నాటిది. విషయసూచికలో దాని పక్కన 'ఎవరూ కాదు' అని రాసి ఉంది. ఇదేం జవాబు అనుకున్నా.

నార్‌బరీ అనే ఊళ్లో ఓ భర్త. భార్య తనకి తెలియకుండా పక్కనున్న చిన్న ఇంటికి పోతోంది. ఆ ఇంటి కిటికీలో ఓ వింత పసుపు ముఖం కనిపిస్తోంది. హోమ్స్ విన్న వెంటనే ఓ సిద్ధాంతం అల్లేస్తాడు. ఇదంతా ఊహే కదా అని వాట్సన్ అంటే, వాస్తవాలన్నీ ఇందులో సరిపోతున్నాయి కదా అంటాడు. వెళ్లి తలుపు తీసి చూస్తే ఆ సిద్ధాంతం మొత్తం తప్పు. లోపల ఏముందో చెప్పను. నేరం మాత్రం లేదు. ఎవరూ కాదు! తిరిగొచ్చాక హోమ్స్ వాట్సన్‌కి చెప్తాడు, ఇంకెప్పుడైనా నాకు పొగరెక్కినట్టు కనిపిస్తే నా చెవిలో 'నార్‌బరీ' అను చాలు అని.

డాయిల్ హోమ్స్ మీద 56 కథలు, 4 నవలలు రాశాడు. ప్రపంచంలో అందరికంటే తెలివైనవాడని పేరు తెచ్చిన పాత్రతో, ఆ పేరు ఇంకా కొత్తగా ఉన్నప్పుడే, ఇలా తప్పు చేయించాడు. నా మానిటర్ కింద ఇప్పుడు ఓ పసుపు కాగితం అంటించి ఉంది. దాని మీద ఒకే ఒక్క మాట: నార్‌బరీ. అడిగినవాళ్లకి వైఫై పాస్‌వర్డ్ అని చెప్తున్నా.

అమ్మ చూసే చివరి పేజీ

ఆ రాత్రి ఖమ్మం ఫోన్ చేసి అమ్మకి ఈ పుస్తకం సంగతి చెప్పా. అమ్మ ఒకప్పుడు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు విరగబడి చదివింది. యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు అంటే ఇప్పటికీ ఇంటి మనుషుల్లా మాట్లాడుతుంది.

"జవాబులు ముందే రాసేశారమ్మా" అన్నా ఏడుపు గొంతుతో.

"అయితే ఏమే? నేనెప్పుడూ చివరి పేజీ ముందు చూసేదాన్నే" అంది.

"అదేంటమ్మా!"

"అద్దె పుస్తకాలే అవి. సగం వాటికి చివరి కాగితం ఉండేది కాదు. అంతా చదివాక అది లేకపోతే? అందుకే ఉందో లేదో చూసుకునేదాన్ని. చూసేటప్పుడు కళ్లు మూసుకుంటామా?"

"మరి తెలిసిపోయాక చదవడం ఎందుకు?"

"వాడు అన్నాళ్లు ఎట్లా దొరక్కుండా తిరిగాడో చూడొద్దూ!"

నేను నెల రోజులు పడి నేర్చుకున్నది అమ్మకి అద్దె లైబ్రరీ ఎప్పుడో నేర్పేసింది. చివరి పేజీ అనగానే గుర్తొచ్చి నా పుస్తకం కూడా తిప్పి చూశా. ఉంది. అట్టకి అంటుకుపోయి ఉంటే మెల్లగా విడదీశా. కింద మూలన అదే గుండ్రటి చేతిరాత: 'రెండోసారి చదివాను. ఈసారి అన్నీ దొరికాయి.'

అప్పుడు లోపలి పేజీలు లైటు కింద పట్టుకుని చూశా. సన్నటి పెన్సిల్ గీతలు. మంచం బిగించి ఉందన్న చోట ఒకటి, పాల పళ్లెం దగ్గర ఒకటి. నేను ఇన్నాళ్లూ మరకలనుకున్నవి. ఆ మనిషి ఎవరి ఆనందం చెడగొట్టడానికీ రాయలేదు. జవాబు ఓ చోట రాసుకుని, అది కథలో ఎక్కడ దాక్కుందో తీరిగ్గా వెతుక్కున్నారు. అమ్ముకోవాల్సి వచ్చినప్పుడు పేరు కొట్టేశారు. విషయసూచిక సంగతి మర్చిపోయి ఉంటారు. ఒక్క పేజీ చూసి ఆయన్నో ఆవిడనో విలన్‌ని చేసేశా. మళ్లీ నార్‌బరీ.

మొన్న మా టీమ్ అబ్బాయి ఆ పుస్తకం అడిగాడు. ఇచ్చే ముందు విషయసూచిక రెండు పేజీలనీ కలిపి నాలుగు వైపులా స్టేప్లర్ కొట్టా. పైన ఓ చీటీ పెట్టా: 'మొదటిసారి తెరవొద్దు. రెండోసారి తప్పకుండా తెరువు.'